నిచ్చెన ఆనిన గోడ

పాలు కాచి మూత పెట్టాను. తాళంచెవి పక్కింటి వదిన దగ్గరుంది. మీ తమ్ముడు బండి తెచ్చాడు, చక్రాల కుర్చీతో సహా నన్నూ ఎక్కించుకుని వెళ్తున్నాడు. కంగారు పడకు.

నా నిచ్చెన, రంగు కొట్టే మిషను అమ్మేస్తున్నాను. ఆ నిచ్చెన మీద నుంచి పడి, వెన్నుపూస చితికి కాళ్ళు పోయినప్పటి నుంచీ "మళ్ళీ ఎక్కుతాను, దాని జోలికి రాకు" అని నీ మీద అరుస్తూనే ఉన్నాను. నా మూత్రం గొట్టాలకీ, పుండు కట్లకీ అయ్యే ఖర్చు నేనున్నన్నాళ్ళూ తప్పనిదే. ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తోందో ఏనాడూ అడగలేదు. పొద్దున దూది కోసం వెతుకుతుంటే నీ థైరాయిడ్ మాత్రల డబ్బా దొరికింది. అన్నీ ఎప్పటివో ఖాళీ అట్టలే. రోజూ నా ఎదుట ఉత్త నీళ్ళు తాగి, "వేసుకున్నాలెండి, ముందు మీ సంగతి చూసుకోండి" అంటున్నావన్నమాట. సిగ్గుతో చచ్చిపోయాను.

మాత్రలు తెస్తాను. ఇకనుంచి నా కళ్ళెదుటే నోరు తెరిచి చూపించాలి.

నిచ్చెన తీస్తే గోడ మీద రెండు చారలు బయటపడ్డాయి. రంగులవాడి ఇంట్లో అలా ఉండకూడదు. కింద సగం నాకు అందుతుంది. పై సగం రంగు నువ్వు వెయ్యి. వంకరగా వేసినా ఈసారి అరవను.