పూర్వీకుల ద్వారా వచ్చినవారు

ప్రియమైన ఇల్లాలికి,

నేనిక్కడ క్షేమం. నువ్వూ, మన పిడుగూ క్షేమమని తలుస్తాను. నేను రాజధాని చేరి, ఉపసంఘం తొలి సమావేశానికి హాజరైన సంగతి ఇందుమూలంగా తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. లా కాలేజీలో నా పాఠాలు ఇంకెవరో చెబుతున్నారట. విద్యార్థులు కూడా సంతోషిస్తున్నారని విన్నాను.

ఉపసంఘం పని ఒక్కటే: వలసదారు అంటే ఎవరో తేల్చడం. బయటి నుంచి వచ్చినవాడు వలసదారు అనడంలో ఎవరికీ పేచీ లేదు. వాడి కొడుకు, ఆ కొడుక్కి పుట్టిన కూతురు ఏమవుతారన్నదే సమస్య. మా తాత ఓడ దిగి వచ్చినవాడు గనుకా, నేను చట్టం చదువుకున్నవాడిని గనుకా నన్ను ‘వలస సంతతి ప్రతినిధి’గా పిలిచారు. బల్ల చుట్టూ కుర్చీలు ముందే సరిపోయాయట. నాకోసం బయటి నుంచి ఒక మడత కుర్చీ తెప్పించారు. అందులో కూర్చుంటే గడ్డం బల్లకు ఆనుతుంది. అయినా మాట వినబడుతోంది.

మొదటి రోజంతా ‘రాక’ అంటే ఏమిటన్న చర్చతోనే గడిచింది. నేను లేచి, “అయ్యా, నేను ఎక్కడి నుంచీ రాలేదు. ఇక్కడి ఆసుపత్రిలోనే పుట్టాను” అన్నాను.

“ఆసుపత్రికి ఎలా వచ్చారు?” అన్నారు అధ్యక్షులవారు. ఆయన రిటైరైన న్యాయమూర్తి.

“మా అమ్మ కడుపులోనండీ.”

“ఆ కుటుంబం ఎలా వచ్చింది?”

“ఓడలో.”

“చూశారా! మీరు పూర్వీకుల ద్వారా వచ్చారు” అని, ఆ మాట రాయించుకున్నారు.

పిడుగును దిగులుపడవద్దని చెప్పు. ఓడలను రేవులోకి నడిపించి తెచ్చే పైలట్ ఉద్యోగం వలసదారులకు ఇవ్వకూడదని నిబంధన ఉందే తప్ప, వలసదారుల మునిమనవరాళ్ళకు ఇవ్వకూడదని ఎక్కడా లేదు. నేను లోపలే కూర్చున్నాను గదా, ఇక భయమేమిటి?

సదా నీ వాడు,
సభ్యుడు

*

ప్రియమైన శ్రీవారికి,

మీ ఉత్తరం అందింది. మీ గడ్డం బల్లకు ఆనుతుందని చదివి అమ్మాయి పడీపడీ నవ్వింది. తర్వాత, “పాపం నాన్న, మెడ పట్టేస్తుందేమో” అంది.

నిన్న అది ధాన్యం ఓడను ఒక్కతే లోపలికి తెచ్చింది. పెద్ద పైలట్‌గారు పక్కనే చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారంతే. గట్టుకు చేరాక నాతో అన్నారు: “ఏ పక్క ఇసుక మేట వేసిందో నీళ్ళ రంగు చూసి చెప్పేస్తోందమ్మా నీ కూతురు. నేను వానలు మొదలయ్యేలోపు ఉద్యోగం నుంచి దిగిపోతున్నాను. ఆలోగా దీని పేర ఉత్తర్వు రాలేదనుకో, నా చోట్లోకి రేవు అధికారిగారి బావమరిది వస్తాడు. ఇది ఆయనకు టీ కలుపుతుంది.” ఆయన ఎగతాళికి అన్నారనుకున్నాను. కాదు.

నా కట్టుడు పళ్ళ పని ఎప్పటిలాగే ఉంది. మొన్న పై వరస పళ్ళు కట్టించుకున్న రిటైర్డ్ పోలీసాయన అద్దంలో చూసుకుని, “ఎన్నాళ్ళకమ్మా ఇవి నావైపోతాయి?” అని అడిగాడు. “వాటితో నమిలి మింగుతున్నారుగా, మీవే” అన్నాను. మీ ఉపసంఘానికి ఈ మాట పనికొస్తుందేమో చూడండి.

మా పుట్టింటివాళ్ళు మాత్రం ఎప్పటి నుంచో ఇక్కడే పడి ఉన్నారు. ఎందుకున్నారని ఇంతవరకూ ఏ ఉపసంఘమూ అడగలేదు.

వీలు చూసుకుని ఒకసారి ఇంటికి వచ్చి వెళ్ళండి.

మీ
ఇల్లాలు

*

ప్రియమైన ఇల్లాలికి,

జవాబు ఆలస్యమైనందుకు చింతిస్తున్నాను. కారణం పని ఒత్తిడి. నీ పళ్ళ మాట సమావేశంలో చదివి వినిపించాను. అందరూ నవ్వారు. మూలవాసుల ప్రతినిధి మరీ నవ్వడంతో ఆయన పై వరస జారింది. పిమ్మట ఆ మాటను ‘ఇతర విషయాలు’ కింద నమోదు చేశారు.

చర్చ ఎన్ని తరాల దాకా అన్న దగ్గర నిలిచింది. ఆర్థిక నిపుణుడు మూడు అంటున్నాడు, ఆయన పట్టికలో గళ్ళు మూడే గనుక. మూలవాసుల ప్రతినిధి ఏడు అంటున్నాడు. తన వంశాన్ని ఎనిమిది తరాల దాకా చెప్పగలడట. ఆ ఎనిమిదో తాత ఎక్కడివాడని అడగబోతే, అది సభామర్యాద కాదని అధ్యక్షులవారు వారించారు.

నాకు చేతుల కుర్చీ ఇచ్చారు. గది కూడా ఇచ్చి, తలుపు మీద నా హోదా రాయించారు. ఇప్పుడు బల్ల నా మోచేతుల దగ్గరికి వస్తోంది.

టీ విరామంలో అధ్యక్షులవారు నన్ను కిటికీ దగ్గరికి పిలిచారు. “ప్రొఫెసర్‌గారూ, మీరన్నట్టే మనవలు వలసదారులు కారనుకుందాం. అప్పుడు మీరు ఎవరి ప్రతినిధి?”

“ఎవరికీ కానండీ.”

“ఎవరికీ కానివారికి గది ఎలా ఇవ్వగలం?”

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

ఆలోచించదగిన ప్రశ్నే. నేను ఏ ఆధారం మీద కూర్చున్నానో ఆ ఆధారాన్నే కొట్టివేయమని అడగడం న్యాయశాస్త్రం ఒప్పుకునే పని కాదు. పైగా నేను లేచి వచ్చేస్తే మనవాళ్ళ గోడు చెప్పేదెవరు? ‘మనవాళ్ళు’ అనే మాట ఇంతకు మునుపు నేను వాడేవాడిని కాదు. ఇక్కడికి వచ్చాక అలవాటైంది.

ఇంటికి రావడానికి ప్రస్తుతం వీలుపడదు. గమనించగలవు.

నీ
ప్రతినిధి

*

ప్రియమైన మీకు (అలవాటు కొద్దీ రాశాను),

కుర్చీ గురించి రాశారు, గది గురించి రాశారు, తలుపు గురించి కూడా రాశారు. అమ్మాయి గురించి ఒక్క ముక్క లేదు. మీ ఉత్తరం అది రెండోసారి చదవబోతుంటే నేనే లాక్కున్నాను.

రేవు అధికారిగారి బావమరిది పని నేర్చుకుంటానంటూ అప్పుడే వచ్చి చేరాడు. పోయినవారం కావలసినంత ఖాళీ ఉన్న చోట ఓడ తిప్పబోయి, చేపల పడవను గోడకేసి నొక్కేశాడు. మనుషులు ముందే దూకేశారు కాబట్టి బతికిపోయారు. ఆయన తాత ముత్తాతలందరూ ఇక్కడివాళ్ళే, అందులో సందేహం లేదు. పగిలిన పడవ కూడా ఇక్కడిదే. పెద్ద పైలట్‌గారు తల పట్టుకుని, “అమ్మా, మీ ఆయన అక్కడ కూర్చుని ఏం పీకుతున్నాడు?” అన్నారు. అంత పెద్దమనిషి నోట ఆ మాట రావడం నేను ఎప్పుడూ వినలేదు.

మీ కాలేజీ అటెండరు భార్య పళ్ళ కొలత ఇవ్వడానికి వచ్చినప్పుడు చెప్పింది: సంతతిని కూడా వలసదారులు అనాలా వద్దా అన్నదాని మీద ఉపసంఘంలో ఓట్లు సరిసమానంగా ఉన్నాయట, మీ ఒక్కరిదే మిగిలిందట. ఊరంతటికీ తెలిసిన సంగతి ఇంట్లో మాకు పరాయివాళ్ళ నోట తెలుస్తోంది.

“నాన్న ఓటు ఎటమ్మా?” అని అది అడిగింది. “అదేం ప్రశ్న, నీ వైపే” అన్నాను. అన్నాక నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అందుకే రాస్తున్నాను. నేను చెప్పింది నిజమేనా?

ఒక్క మాటలో జవాబివ్వండి. దయచేసి ‘పరిశీలనలో ఉన్నది’ అనే మాట వద్దు.

— దాని అమ్మ

*

ప్రియమైన ఇల్లాలికి,

నిర్వచనం ఆమోదం పొందిందని తెలియజేయడానికి గర్విస్తున్నాను. ‘వలసదారు అనగా స్వయంగా గాని, మూడు తరాల దాకా పూర్వీకుల ద్వారా గాని వచ్చిన వ్యక్తి.’ ఏడు తరాలను మూడుకు దించిన ఘనత నాదేనని అధ్యక్షులవారు సభాముఖంగా అన్నారు. నా ఓటు ఎటు పడిందో నువ్వు గ్రహించే ఉంటావు. తొందరపడి నన్ను నిందించవద్దు. వ్యతిరేకించి బయటకు వచ్చేస్తే ఈ నాలుగు తరాల లాభమైనా దక్కేది కాదు.

అమ్మాయిని నేను మరచిపోలేదు. రేవు కార్యాలయంలో, వచ్చిన ఓడల పేర్లు రాసుకునే పని ఒకటి వలస సంతతికి కేటాయించేలా చేశాను. నీడపట్టున కూర్చుని చేసే ఉద్యోగం. ఓడలన్నీ కిటికీలోంచి కనిపిస్తాయట.

అంతేకాక, మానవతా దృష్టితో ఒక మినహాయింపు కూడా స్వయంగా రాసి చేర్పించాను. తల్లి స్థానికురాలై, వలస మూలపు తండ్రి కుటుంబాన్ని విడిచి వెళ్ళిపోయిన పక్షంలో, ఆ సంతానాన్ని అన్ని విధాలా స్థానికులుగానే పరిగణిస్తారు. తండ్రి ద్వారా వచ్చిన వలస, తండ్రి పోతే తండ్రితోనే పోతుందన్నది నా వాదన. ఒక్కరూ ఎదురు చెప్పలేకపోయారు. దిక్కులేని పిల్లల కోసం చేసిన పని గనుక మనకు వర్తించదు. అయినా, ఇన్నేళ్ళ నా రాతలో ఇంత బిగువైన వాక్యం ఇంకొకటి లేదు.

శాశ్వత సంఘంలో నన్ను కొనసాగిస్తున్నారు. సెలవు మంజూరైంది. వచ్చే నెల ఇంటికి వస్తున్నాను. అందరం కలిసి కూర్చుని తిని ఎన్నాళ్ళయిందో!

నీ
శాశ్వత ప్రతినిధి

*

గౌరవనీయులైన ప్రతినిధిగారికి,

మీ మినహాయింపు చాలా బాగా పనిచేస్తోంది.

మీ ఉత్తరం అందిన మర్నాడే నేనూ, అమ్మాయీ రేవు కార్యాలయానికి వెళ్ళాం. ఓడల పేర్లు రాసుకునే ఉద్యోగం కోసం కాదు. తండ్రి మమ్మల్ని విడిచి వెళ్ళిపోయాడని చెప్పడానికి.

విచారణకు ఒక అధికారి ఇంటికి వచ్చాడు. మర్యాదస్థుడు. వాకిట్లో చెప్పులు చూశాడు, అన్నీ ఆడవాళ్ళవే. పక్కింటావిడను పిలిచి అడిగితే, ఆవిడ మీ పరువు కాపాడబోయి, “ఆయనా! వెళ్ళిపోయి చాలా కాలమైందండీ, రాజధానిలో పెద్ద హోదాలో ఉన్నారు” అంది. ఆయన మొదటి సగం రాసుకుని, “చాలమ్మా” అన్నాడు.

తర్వాత అమ్మాయిని నిలబెట్టి అడిగాడు. “మా నాన్న మమ్మల్ని వదిలి వెళ్ళిపోయారు” అంది. నేర్పిన పాఠంలా చెబుతుందనుకున్నాను. అలా చెప్పలేదు. ఆయన వెళ్ళాక, “అమ్మా, నేను అబద్ధం చెప్పానా?” అని అడిగింది. ఆలోచించి చెబుతానన్నాను. ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాను.

కోర్టులో మన విడాకుల కాగితం కూడా వేశాను. దాని నకలు మీ గదికి వస్తుంది. చిరునామా రాయడం తేలికైంది, తలుపు మీద హోదా రాసుందన్నారుగా. మీరు సంతకం పెట్టేయండి. పెట్టకపోతే, మీరు మమ్మల్ని విడిచివెళ్ళలేదని నిరూపించుకోవాలి. అలా నిరూపించగల సాక్షి ఈ వీధిలో ఒక్కరు కూడా లేరు.

రేపో మాపో వానలు మొదలవుతాయి. అమ్మాయికి ఉత్తర్వు వచ్చింది. పెద్ద పైలట్‌గారు తన టోపీ ఇవ్వబోతే, “తల పెద్దదండీ మీది, నాకు కళ్ళు కనపడవు” అని తిరిగి ఇచ్చేసింది. ఆయన ఏడ్చారు. ఇవాళ అది మొదటిసారి తన పేరు మీద ఓడ తీసుకురావడానికి వెళ్ళింది.

మీకు కోపం వస్తుందేమోనని దాన్ని అడిగాను. “రాదమ్మా. నిబంధన సరిగ్గా అమలైందో లేదో చూసుకుంటారు” అంది.

వచ్చే నెల వస్తానని రాశారు. రావద్దు. అధికారులు అప్పుడప్పుడూ చెప్పకుండా వచ్చి చూసి పోతారట. మీరు ఈ గడప దాటి లోపలికి అడుగు పెడితే, అమ్మాయి రేవులో ఎక్కడున్నా సరే, ఆ క్షణమే వలసదారు అయిపోతుంది.

ఇట్లు,
మీచే విడువబడిన స్థానికురాలు