రాజన్న చదివిన ఒక్క కథ

రాజన్నా,

నువ్వు పోయి నేటికి రెండేళ్లు. నేనింకా ఒమన్‌లో, మనం పనిచేసిన ఈ సహం ఊళ్ళోనే ఉన్నాను. ఒక బ్రిటిష్ హాస్యనటుడు స్టేజీ వదిలి నవలలు రాస్తున్నాడట, చదివినవాళ్ళు ఏడుస్తున్నారట. పొద్దున పేపర్లో చూశాను.

నువ్వు సెలవురోజు శుక్రవారాలు ఫోర్‌మన్‌ను అనుకరిస్తూ మన రూమంతా నవ్వించేవాడివి. ఒక్కసారి మాత్రం, మీ అమ్మ చనిపోతే కంపెనీ సెలవివ్వని సంగతి కథగా రాసి చదివావు. అదీ జోకే అనుకుని అందరూ పగలబడి నవ్వారు.

"ఇంకోసారి చదువు రాజన్నా, కడుపు నొస్తున్నదే!" అన్నాడు మల్లేశ్.

నువ్వు కాగితాలు మడిచావు. మళ్ళీ రాయలేదు.

ఆ మూర్ఖులను ఇప్పటికీ తిడుతూనే ఉన్నాను. కానీ రూములో పుస్తకాలు చదివేవాణ్ణి నేనొక్కణ్ణే, వాళ్ళు నా ముఖం చూసే నవ్వారు. నలభై ఏళ్లుగా నేను రాయాలనుకుని రాయలేనిది నువ్వు రాసేశావని వింటుండగానే నాకు తెలిసింది. అందుకే ముందు నేను నవ్వాను.