నా పేరు పెట్టి ప్రార్థించకండి

నరీన్, జూలై

గుల్జాన్ అక్కా,

నేను బాప్తిస్మం తీసుకున్నట్టు మా ముస్లిం ఇంట్లో తెలీదని మీకొక్కరికే చెప్పాను. మీరేమో ఆదివారం మీ ఇంట్లో ప్రార్థన కూటంలో నా పేరు పెట్టి, "ప్రభువా, ఈ పిల్లకి వాళ్ళ నాన్నతో చెప్పే ధైర్యం ఇవ్వు" అని గట్టిగా ప్రార్థించారు! అది ప్రార్థనా, చాటింపా? కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి. నిన్న పక్కింటి అత్త, "ఏమే, ఇంకా చెప్పలేదా మీ నాన్నకి?" అని నవ్వింది. భోజనాలయ్యాక దువా చివర అందరితోపాటు ముఖం మీదుగా అరచేతులు దించుకుని 'ఓమిన్' అంటుంటే, నాన్న నా చేతులనే చూస్తున్నారు. తెలిస్తే స్కూల్ మాన్పించి కొండమీద గుర్రాల మంద దగ్గరికి పంపేస్తారు. ప్లీజ్ అక్కా, మనసులో ప్రార్థించండి. దేవుడికి చెముడు లేదు. మా నాన్నకీ లేదు.

ఆదివారం వస్తాను. కిటికీలు మూయండి.

మీ చెల్లి