గోడ మీది ఇటలీ వీధి

ప్రభుదాసూ,

ఈ ఉత్తరం నీకు చేరదని తెలుసు. పనికని బెంగుళూరు వెళ్ళిన నువ్వు ఎక్కడున్నావో ఇన్నేళ్ళుగా మాకు కబురే లేదు. అయినా ఈ సంగతి నీకు చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

మిషన్ ఆసుపత్రి దొరసాని తన దేశం వెళ్ళిపోతూ, తన దగ్గర పనిచేసిన మన అవ్వకిచ్చిన ఇటలీ వీధి పటాన్ని నిన్న అమ్మేశాం. వానకు తడిసిన రాళ్ళ వీధి, గొడుగు పట్టుకుని నడిచిపోయే ఆడమనిషి. ఆమె ఎక్కడికి పోతోందని చిన్నప్పుడు అందరినీ వేధించేవాడివి.

మన ఆత్మకూరు ఇంటి గోడ చెమ్మ పట్టింది. పటం అంచుల్లో నూనెరంగు పెచ్చులుగా రాలుతోంది. కొనడానికి హైదరాబాదు నుంచి వచ్చినాయన అది చూసి, ఇంకో వానాకాలం ఆగదన్నాడు. ఇదివరకు ఎవరొచ్చి అడిగినా అమ్మది ఒకటే జవాబు: "నా కొడుకొచ్చి పటం యాడుండాదని అడిగితే ఏం చెప్పేదప్పా?" నిన్న కూడా అదే అంటుందనుకుని, ఆయనకు టీ ఇచ్చి పంపేద్దామని పొయ్యి వెలిగించాను.

అమ్మ పటం ముందు చాలాసేపు నిలబడింది. కొంగుతో దుమ్ము తుడిచింది.

"తీసకపో నాయనా. ఈడుంటే పాడైపోతాది," అంది.

"తమ్ముడొస్తే ఏం చెప్తావు మా?" అన్నాను.

అమ్మ లోపలికి వెళ్ళి, నువ్వొస్తే కప్పుకుంటావని ఏటేటా ఉతికి మడిచి దాచిన నీ దుప్పటి తెచ్చి, పటానికి చుట్టమని ఆయన చేతికిచ్చింది.

అక్క