విశేషాలేమీ లేవు

పుఎర్తో ఎస్తెరో,
ఆగస్టు 11, 2010, బుధవారం

ప్రియమైన యెర్కోకు,

ఫ్లోరిందోర్ బరియా అభిమానంతో రాసేది. ఇక్కడ నేనూ, మా ఇంటి కట్టెల పొయ్యీ, నా మోకాళ్లూ ఒకరి మీద ఒకరం విసుక్కుంటూ రోజులు వెళ్లదీస్తున్నాం. నువ్వూ మాగాలీ పిల్లలూ క్షేమమని తలుస్తాను అని రాయడం పద్ధతి. కానీ నీ ఉత్తరం చదివాక ఆ వాక్యం రాస్తే బాగుండదు, అందుకని రాయడం లేదు.

నీ ఉత్తరం వచ్చి ఇరవై రెండు రోజులైంది. ఆలస్యానికి వానను సాకుగా చెప్పొచ్చు. మన దీవిలో ఎవరి తప్పునైనా వాన మీదికి తోసెయ్యడం అలవాటే కదా. ఉప్పెన వల్ల ఓడ రెండు రోజులు రాలేదన్న మాట నిజం. మిగతా ఇరవై రోజులూ నావే.

ముందు ఊరి సంగతులు. మన శాన్ తెల్మో అగ్నిమాపక కంపెనీకి ఇప్పుడు కెప్టెన్ రొక్సానా మాన్సియా. రేవులో ఐసు అమ్మే మాన్సియా కూతురు. నువ్వున్న రోజుల్లో స్కూలు సంచీ భుజాన వేసుకొచ్చి, సైరన్ ఒక్కసారి మోగించండి, ఒక్కసారే అని మన ప్రాణాలు తీసేది. ఇప్పుడు హోదాతో తీస్తోంది. తొడుగులు లేకుండా గొట్టం ముట్టుకున్నవాణ్ని ఇంటికి పంపేస్తుంది. జీతం లేని పని, పైగా ఎదురు చందా కట్టి మరీ చేసే పని, ఇంటికి పంపితే అదేం శిక్షని బయటివాళ్లు నవ్వుతారు. అదెంత శిక్షో నీకూ నాకూ తెలుసు. బండి కొత్తది వచ్చింది. బంగాళాదుంపలకు ఈ ఏడాది తెగులు పట్టింది. వచ్చే నెలలో నాకు నలభై ఏళ్ల సేవా పతకం ఇస్తారట.

ఇక నీ పని. మెడలో రెండు పూసలు నరాన్ని నొక్కుతున్నాయనీ, ఎడమ చేతి మూడు వేళ్లకు స్పర్శ పోయిందనీ, వసంతం లోపు ఆపరేషన్ కాకపోతే ఆ చెయ్యి ఇక ఉలి పట్టదని డాక్టరు చెప్పాడనీ రాశావు. పడవలు చేసే వడ్రంగికి ఎడమ చెయ్యి పోతే ఏమవుతుందో నాకు ఒకరు చెప్పనక్కర్లేదు. రాజధానిలో మన దళాల వైద్య మండలి ఆపరేషన్ చేయిస్తుంది. కాకపోతే గాయం విధి నిర్వహణలో తగిలిందని కంపెనీ పుస్తకంలో ఉండాలి. ఆ రోజు పేజీ నకలు పంపమని అడిగావు.

పాత పుస్తకాలు మేడ మీద బీరువాలో ఉన్నాయి. తీశాను. ఆ పేజీలో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. జూలై 19, 1996. సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలు. రొట్టెల దుకాణం, పొగగొట్టం, పైకప్పు. హాజరు పదకొండు మంది. వాడినవి రెండు గొట్టాలు, ఒక నిచ్చెన. విశేషాలేమీ లేవు.

చేతిరాత నాదే. నీకు తెలుసుగా, కొట్టివేతలు నాకు గిట్టవు. ఆ పేజీలో ఒక్కటి కూడా లేదు.

ఆ చివరి మాట రాయడానికి మన కంపెనీ ఎంత ముచ్చటపడేదో నీకు గుర్తుండే ఉంటుంది. పాత కెప్టెన్ ఒనోఫ్రే, దేవుడు ఆయన్ని చల్లగా చూడాలి, పక్కటెముకలు రెండు విరిగిన రోజున కూడా దగ్గు ఆపుకుంటూ నా భుజం మీంచి పుస్తకంలోకి తొంగి చూశాడు. ఏంటోయ్ అంత రాస్తున్నావ్, నవలేమైనా రాస్తున్నావా, విశేషాలేమీ లేవని రాసి పడెయ్ అన్నాడు. రాసి పడేశాను. కాలిన వేళ్ల మీద బంగాళాదుంప ముక్కలు పెట్టుకుని, పైన గుడ్డ చుట్టుకుని, వంటింట్లో కాలిందని పెళ్లాలకు చెప్పుకునేవాళ్లం. పుస్తకంలో పేరెక్కితే డాక్టరు సరేననే దాకా బండి ఎక్కనివ్వరు, కవాతులో నిలబడనివ్వరు. దానికన్నా మంటే నయమనుకునే రకాలం అందరమూ.

పేరెక్కినవాడికి దక్కే మర్యాద మాత్రం ఒకటుంది. కోలుకునే దాకా ప్రతి హాజరు పిలుపులోనూ కెప్టెన్ వాడి పేరు పిలవాలి, వాడి బదులు కార్యదర్శి నిలబడి ‘విధిలో గాయం’ అని జవాబు చెప్పాలి. ముప్పై ఏళ్లుగా కార్యదర్శిని. ముగ్గురి కోసమే చెప్పాను. అదీ వాళ్లను మోసుకెళ్లడం ఊరంతా చూసింది కాబట్టి.

ఆ రోజు సంగతి నాకు గుర్తున్నంత వరకు ఇది. మిగతావాళ్లు గొట్టాలతో దుకాణం వెనక పెరట్లో ఉన్నారు. వీధి వైపు మనిద్దరమే. నువ్వు నిచ్చెన మీద గొడ్డలితో పైకప్పు చెక్కలు కొడుతున్నావు, నేను కింద నిచ్చెన దగ్గర ఉన్నాను. వడగళ్లు కలిసిన వాన. గాలి ఒక్కసారిగా విసిరింది. నిచ్చెన పక్కకు జారింది. నువ్వు నాలుగు మీటర్ల ఎత్తు నుంచి రాళ్ల మీద వెల్లకిలా పడ్డావు. కాసేపు తెలివి లేదు. తర్వాత బండిలో లేచి కూర్చున్నావు. ఒనోఫ్రే హాజరు పిలుస్తుంటే నీ పేరుకీ హాజరన్నావు, పక్కవాడి పేరుకీ హాజరన్నావు, చివరికి ఒనోఫ్రే తన పేరు తనే చదువుకుంటే దానికీ హాజరన్నావు. అందరం పడీ పడీ నవ్వాం.

మర్నాడు మీ ఇంటికి వచ్చి చెప్పాను. పది రోజుల్లో కంపెనీ వార్షికోత్సవం, జెండా మోసే వంతు నీది, గాయమని రాస్తే వంతు పోతుంది, అందుకని రాయొద్దన్నా అంటూ బండిలో నువ్వే నన్ను బతిమాలావని చెప్పాను. నాకేం గుర్తు లేదన్నా అన్నావు. నీకుండదు, తల తిరుగుతోంది అప్పుడు, నాకుంది అన్నాను. నువ్వు నవ్వి, మరీ అంత పిచ్చోణ్నా నేను, అయ్యుంటాన్లే అన్నావు.

పదో రోజు రేవు నుంచి చర్చి దాకా జెండా మోశావు. దాని తోలు పట్టీ ఎడమ భుజం మీదే వేసుకోవాలి. చర్చి మెట్ల దగ్గరికి వచ్చేసరికి నీ ముఖం సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. ఆ తర్వాత చెయ్యి లేవడం లేదని నువ్వంటే, జెండా మోజుకి మెడ విరగ్గొట్టుకున్నాడురా అని కంపెనీలో అందరూ ఏడిపించారు. జెండా యెర్కో అని పేరు పెట్టారు. ఆరు నెలలకు రాజీనామా రాసి నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయావు. అది కూడా పుస్తకంలో ఎక్కించాను.

వైద్య మండలి నిబంధన చాలా స్పష్టంగా ఉంది. రాయవలసిన అధికారి రాయకపోతే గాయపడినవాడి హక్కు ఎక్కడికీ పోదు, ఎన్నేళ్లకైనా ఆలస్య నమోదు చేయవచ్చు. గాయపడినవాడే దాచమని కోరితే మాత్రం హక్కు లేదు. కాబట్టి నేను ఇవ్వగలిగిన ధ్రువపత్రం ఒక్కటే. ‘సభ్యుడి సొంత కోరికపై నమోదు చేయలేదు’ అన్నది. అది నీకు అక్కరకు రాదని తెలుసు. అయినా జత చేస్తున్నాను. తొమ్మిదో గడిలో సాక్షుల పేర్లు అడిగారు. ఎవరూ లేరని రాశాను.

నాకు బాధగా లేదని కాదు. కానీ పుస్తకం రాసేవాడు జరిగింది రాయాలి, జాలిపడి రాయకూడదు. నువ్వు అర్థం చేసుకుంటావనుకుంటాను. మాగాలికి నా నమస్కారాలు.

ఇట్లు,
ఫ్లోరిందోర్ బరియా
కార్యదర్శి, శాన్ తెల్మో అగ్నిమాపక కంపెనీ

తా.క. ఆగస్టు 15, ఆదివారం.

పైన రాసిన ఉత్తరం చింపెయ్యలేదు. పద్నాలుగేళ్ల తర్వాత కూడా నీ మీద ఏం రాయగలిగానో నువ్వు నీ కళ్లతో చూడాలి. జత చేస్తానన్న ధ్రువపత్రం మాత్రం పొయ్యిలో వేశాను.

గురువారం కవరు పట్టుకుని పోస్టాఫీసుకు బయల్దేరాను. రొట్టెల దుకాణం ఎదురింటి దొన్యా ఇసొలీనా గేటు దగ్గర నుంచి కేకేసింది. ఆవిడకు ఎనభై నాలుగు. ఒరే ఫ్లోరిందోరూ, చలికి కొయ్యబారిపోతావ్, లోపలికి రారా అంది. లోపల నీలం రంగు సత్తు కప్పులో కాఫీ పోసింది, అందులో అగ్వార్దియెంతె సారా ఓ చుక్క ఎక్కువే వేసింది. కప్పు నా చేతికిస్తూ నవ్వింది. ఇదే కప్పురా, ఆ కొట్టు తగలబడ్డ రోజు నీకు తెచ్చిచ్చింది, ఏం పట్టుకున్నావురా రెండు చేతుల్తోనూ, చంటిపిల్లని పట్టుకున్నట్టు, ఆ అబ్బాయి దబ్బున పడ్డా నీ కప్పులో కాఫీ తొణకలేదు అంది. ఎత్తిపొడుపేం లేదు ఆ మాటలో. నన్ను మెచ్చుకుంటోందంతే.

ఇన్నేళ్లూ ఎవరికీ ఎందుకు చెప్పలేదమ్మా అని అడిగాను. నన్నెవరడిగార్రా, కాయితాలు రాసేది నువ్వాయె, నువ్వే అడగలేదు అంది.

యెర్కో, గాలి వచ్చిన మాట నిజం. నిచ్చెన కింద మనిషిని నిలబెట్టేది ఆ గాలి కోసమే. పైవాడు దిగేదాకా రెండు చేతులూ తియ్యకూడదు, కొత్తగా చేరినవాడికి మొదటి రోజు చెప్పే పాఠం అది, నీకు చెప్పింది నేనే. చేతులు మొద్దుబారిపోయాయి. ఆవిడ కప్పు అందించింది. తీసుకున్నాను. మూడు గుక్కలు తాగాను. నువ్వు పడ్డాక కప్పు గోడ మీద జాగ్రత్తగా పెట్టి, అప్పుడు నీ దగ్గరికి పరిగెత్తాను. గాయమని రాస్తే కారణం రాయాలి. కారణం రాస్తే నిచ్చెన దగ్గర ఎవరున్నారో రాయాలి. అందుకే విశేషాలేమీ లేవని రాశాను.

నువ్వు నన్ను బతిమాలలేదు. జెండా మాట నీ నోట రానే లేదు, అది నేను అల్లింది. నువ్వు బండిలో కళ్లు తెరిచి నన్ను అడిగింది ఒక్కటే. అన్నా, నీకేం కాలేదు కదా అని అడిగావు. నిచ్చెన నా మీద పడిందేమోనని నీ భయం.

జెండా మోస్తుంటే నీ పక్కన నడిచాను కదా. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. నాకు సిగ్గుగా ఉంది, అంతకన్నా మంచి మాట దొరకడం లేదు.

పాత పేజీ ముట్టుకోకూడదు. ఆలస్య నమోదు రాసే రోజు పేజీలోనే చేసి, హాజరు పిలుపులో అందరి ముందూ నిలబడి పైకి చదవాలి. నిన్న శనివారం చదివాను, కప్పుతో సహా. రొక్సానా పుస్తకం, కొత్త ధ్రువపత్రం ఇటివ్వు బాబాయ్ అంది. చూసి, తొమ్మిదో గడి ఖాళీగా వదిలావేం, సాక్షి పేరు రాయి, ముసలావిడ సంతకం నేనే వెళ్లి తీసుకొస్తా అంది. తెచ్చింది. పేజీ నకలూ ధ్రువపత్రమూ జత చేశాను, మూడు ముద్రలూ ఉన్నాయి, మండలికి ఇంకో ప్రతి నేరుగా వెళ్లింది. నా సంగతి వచ్చే గురువారం తేలుస్తారు. పతకం జాబితాలోంచి నా పేరు తీసెయ్యమని నేనే చెప్పాను.

తర్వాత రొక్సానా హాజరు పిలవడం మొదలుపెట్టింది. చివరి పేరు అయిపోయాక పెన్నుతో కింద ఇంకోటి రాసుకుంది. అతను రాజీనామా చేసి చాలా ఏళ్లయింది కదా అని వెనక నుంచి ఎవరో గొణిగారు. సంతకం పెడితే గాయం మానిపోద్దా ఏంటి, నోర్మూసుకుని నిలబడు అంది. యెర్కో ఒయార్సో అని పిలిచింది.

గురువారం దాకా కార్యదర్శిని నేనే కాబట్టి జవాబు నేనే చెప్పాలి. బల్ల మీది పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టాను. ఆమె నా వైపే చూస్తూ నీ పేరు రెండోసారి పిలిచింది. అప్పుడు లేచి నిలబడి, విధిలో గాయం అన్నాను.