రేకుల గదిలో ఎండ పాఠం

ఇల్బుదో గారికి,

దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి. మమ్మల్ని చూసే తీరిక మీకెలాగూ లేదు.

మీ విద్యా కార్యాలయం పంపిన ఎండ పాఠం అందింది. "మధ్యాహ్నం నీడన ఉండండి, చెట్లను కాపాడండి" అని ఉంది. మా గడ్డికప్పు బడి పడగొట్టి మీరు కట్టించిన రేకుల గదిలో పిల్లలు దాన్ని వల్లె వేస్తున్నారు. ఆ గది కోసం మీవాళ్ళు నరికిన వేప మొద్దు మీద కూర్చుని నేను వింటున్నాను.

తెల్లవారుతూనే బడి పెట్టి, ఎండ ముదరగానే మిగిలిన ఒక్క వేప కిందికి మారతాం. అనుమతి ఇవ్వండి. మీ సంతకం లేకుండా గది దాటితే తనిఖీ అధికారి అందరికీ గైర్హాజరు వేస్తారు.

ఆ పాఠం రాసినవారి మెడ మీద ఉన్నది తలే అయితే, మా పెరట్లో సొరకాయలూ తలలే.

శ్రీమతి పారే
ప్రధానోపాధ్యాయిని, కుస్సిరి

తా.క.: "ఫ్యాను వేసుకోండి" అనీ ఉంది. మా ఊళ్ళో కరెంటు స్తంభం ఉంది. మేకను కట్టేస్తాం.

*

పారే! ఆ ఇంటిపేరే చెబుతోంది, ఓ సామోల ఆడపడుచా!

సొరకాయ అన్నావా! కడుపు నిండిపోయింది. మీ సామో తెగ తిట్టాలి, మా మోసీ తెగ నవ్వాలి, కోపం తెచ్చుకున్నవాడిదే తప్పు. ఒకరినొకరు బానిసలని పిలుచుకోమని తాతలు పెట్టిపోయిన ఈ వేళాకోళం వరస ఇప్పుడెవరు పాటిస్తున్నారు? నువ్వు నిలబెట్టావు.

వండిన కుక్క తలకాయ కోసం అన్నదమ్ములు కొట్టుకునే జాతికి నీడెందుకమ్మా? ఎండదెబ్బ గోడపత్రాలు పంపుతున్నా. అంటించి దండం పెట్టుకోండి.

నీ యజమాని,
ఆన్సెల్మ్ ఇల్బుదో

తా.క.: ఇంకా తిట్టు. మా ఆవిడ తిట్లలో ఈమధ్య పస తగ్గింది.

*

ఇల్బుదో గారికి,

మీకు శాంతి కలుగుగాక.

నిన్న సలిమాతా అనే చిన్నపిల్ల పలక పట్టుకునే పడిపోయింది. వేప కిందికి మోసుకెళ్ళి, తడిగుడ్డ కప్పి, గుక్కగుక్కగా నీళ్ళు పట్టాం. కళ్ళు తెరిచింది. అప్పుడే వచ్చిన తనిఖీ అధికారి, గది బయట ఉందని దానికి గైర్హాజరు వేశాడు.

మీ గోడపత్రాల జిగురు కరిగి అవన్నీ ఊడిపడ్డాయి. పిల్లలు వాటితో విసురుకుంటున్నారు. మీ కార్యాలయం వల్ల మాకు తగిలిన గాలి అదొక్కటే.

పొద్దున ప్రార్థనలో మీకోసం ఒక మంచిమాట వెతికాను. దేవుడికీ దొరకలేదు.

శ్రీమతి పారే

తా.క.: ఇది వేళాకోళం కాదు.

*

పారే, నా బంగారు బానిసా!

"ఇది వేళాకోళం కాదు"! ఇంతకు మించిన వేళాకోళం మా తాత కూడా ఎరగడు. సమావేశంలో చదివి వినిపించాను. మా కార్యాలయం పెద్దాయన నవ్వి నవ్వి కళ్ళజోడు తీసేశాడు. ఉత్తరం గోడకెక్కింది. ఆ పిల్లను పడేయడం మాత్రం నిజంగా జరిగినట్టే రాశావు!

వేడి కొలుచుకోమని థర్మామీటరు పంపుతున్నా. తినేవు!

ఆన్సెల్మ్

తా.క.: అనుమతి సంగతి కాగితాల అడుగున ఎక్కడో ఉంది. మీవాళ్ళ తెలివిలాగే.

*

మహారాజశ్రీ ఆన్సెల్మ్ ఇల్బుదో గారి దివ్యసముఖానికి,

తమ ఆరోగ్యం కోసం ప్రార్థిస్తున్నాను. థర్మామీటరు బహు సుందరంగా ఉంది. మోసీలు ఘనులు, తమ పూర్వీకులు సింహాలు. తమరు ఏం చేసినా న్యాయమే. ఇక మీదట తమను విసిగించను.

విధేయురాలు,
శ్రీమతి పారే

*

అక్కా!

ఎవరు పోయారు? ఆ పిల్లేనా? నిజంగానే పడిపోయిందా?

సామో నోట మోసీకి పొగడ్తా? అది తెగిపోయిన బంధుత్వానికి చదివే మంత్రం కాదూ! మా అమ్మకు చదివి వినిపిస్తే సజ్జ ముద్ద పక్కన పెట్టేసి, "ఏం చేశావురా దౌర్భాగ్యుడా" అంది. తప్పు కాయమని నల్లకోడిని పంపుతోంది. పెద్దాయన ఉత్తరం మొదటి వాక్యం విని, "ఆవిడ మళ్ళీ పొగడకముందే ఇచ్చెయ్" అని సంతకం గీకేశాడు. అనుమతి ఇదుగో. గైర్హాజరీలన్నీ కొట్టేయించాను.

నీ కాళ్ళు పట్టుకుంటా, ఒక్క తిట్టు తిట్టు.

ఆన్సెల్మ్

తా.క.: చిన్నదైనా సరే.

*

తమ్ముడు ఆన్సెల్మ్‌కి,

దీవెనలు. ఎవరూ పోలేదు. అనుమతి అందింది. ఈ ఉదయం తెలతెలవారుతూనే బడి పెట్టాం. ఎండెక్కాక వేప కిందికి మారాం. సలిమాతా నా పక్కనే కూర్చుని గొంతెత్తి చదివింది.

పారే మా ఆయన ఇంటిపేరు. నేను పుట్టింది మోసీలింట. ఇల్బుదోల పెద్దకూతురిని, నీకు వరసకు అక్కను. మన మధ్య వేళాకోళం వరస ఎక్కడిది? నిజం చెబితే నవ్వావు. "మోసీని కదిలించాలంటే పొగుడు" అన్నది మా అత్తగారు. ఆవిడ అసలైన సామో.

మీ అక్క

తా.క.: నా తిట్లన్నీ నిజం. వేళాకోళం ఆ పొగడ్త ఒక్కటే.