నాయన మాటల కింద ఎర్ర గీతలు

మల్లీశ్వరీ,

డ్యూటీకి పోతున్నా. కంప్యూటర్ ఆపొద్దు. మీ నాయన మాటలన్నీ గుర్తు చేసుకొని నువ్వు చెల్లెలికి రాసిన మెయిల్ తెరిచే ఉంది. ఆయన సంవత్సరీకం పుస్తకంలో వేయాలంటే మధ్యాహ్నంలోపు పంపాల.

పొద్దున మాటల కింద కంప్యూటర్ గీసిన ఎర్ర గీతలు చూసి, తప్పులనుకొని అన్నీ దిద్దినాను. "యాడ" తీసి "ఎక్కడ" పెట్టినాను. తర్వాత చదివితే మా గుంతకల్లు ఆఫీసు కాగితంలా ఉంది, మామ గొంతే లేదు. పెళ్ళిచూపులకు మీ కుందుర్పి వచ్చిన రోజు నాతో ఆయన అన్న మొదటి మాట, "ఏమప్పా, ఆడ నిలబడినావు? ఈడ నా పక్కన కూచో." దాన్ని కూడా దిద్దేసినాను చూడు!

మళ్ళీ అన్నీ నువ్వు రాసినట్టే పెట్టినాను. గీతలుంటే ఉండనీ, ముట్టుకోవద్దు.

లక్ష్మీపతి

"అల్లుడు మాట్లాడేది తక్కువే గాని, వస్తే ఇల్లు నిండినట్టుంటాది" అన్నాడంట కదా మామ, నీ మెయిల్లోనే చదివినా. పదకొండేండ్లలో నాకొక్కసారైనా చెప్పలేదేం నువ్వు?